సీలియాక్ ఉన్నవారికి తెలుగు వంటిల్లు: ఇంగువ డబ్బా నుంచి టీటీజీ రిపోర్టు దాకా

"చపాతీ మానేసి ఏడాదైంది. మూడు పూటలా అన్నమే తింటున్నాం. అయినా టీటీజీ దిగడం లేదు, ఎందుకు?" సీలియాక్ అనే పేగు జబ్బు ఉందని తేలినవాళ్ళూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. టీటీజీ అంటే ఈ జబ్బును పట్టే రక్తపరీక్ష, గోధుమ వెళ్తున్నంత కాలం ఆ అంకె ఎక్కువగా ఉంటుంది. అన్నం తినే ఇల్లు కాబట్టి మనకు సులువేనని అందరూ అనుకుంటారు. సగం నిజమే. చపాతీ మానడం మనకు పెద్ద కష్టం కాదు. కానీ మన ఇళ్ళలో గోధుమ చపాతీగా కంటే ఇంగువ డబ్బాలోంచి, పిండి మరలోంచి, అందరూ వాడే జల్లెడలోంచి ఎక్కువగా వస్తుంది. కంటికి కనబడదు కాబట్టి ఎవరూ అనుమానించరు.

ముందు నాలుగు ముక్కలు చెప్పుకుని పనిలోకి దిగుదాం. గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ధాన్యం, ఆవాలు కాదు) అనే మూడు ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్తే, సీలియాక్ ఉన్నవాళ్ళ రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. దాంతో తిన్నది ఒంటపట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, ఎంతకీ తగ్గని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, కొందరిలో మోచేతుల మీద, మోకాళ్ళ మీద దురదపెట్టే పొక్కులు, ఇవన్నీ అందులోంచి వచ్చేవే. దీనికి మందు లేదు. ఉన్నది పథ్యం ఒక్కటే, అదీ జీవితాంతం. చాలామందికి రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ హాని చేయదని, 50 మిల్లీగ్రాములు రోజూ వెళ్తే పేగు పాడవుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. గోధుమ పిండిలో దాదాపు పదో వంతు గ్లూటెనే. అంటే 10 మిల్లీగ్రాములకు చిటికెడు పిండి చాలు. "కొంచెమే కదా" అనే మాటకు ఈ జబ్బులో చోటు లేనిది అందుకే.

కావలసినవి

- గట్టి మూతల డబ్బాలు పది దాకా, మూతలన్నీ ఒకే రంగువి. ఆ రంగు మూత ఇంట్లో ఇంకే డబ్బాకూ ఉండకూడదు
- కొత్త జల్లెడ, అప్పడాల కర్ర, పీట, చెక్క గరిటె
- విడిగా ఒక పెనం, ఒక మిక్సీ జార్
- విడిగా చిన్న పోపుల పెట్టె, అందులో దాని సొంత చెంచా
- గిన్నెలు తోమడానికి వేరే రంగు స్క్రబ్బర్
- గోధుమ పిండి కలపని ఇంగువ
- చెరగని మార్కర్, చిన్న నోట్‌బుక్

అన్నీ ఒక్కరోజే కొనలేకపోతే జల్లెడ, అప్పడాల కర్ర, ఇంగువ ముందు కొనండి. మిగతావి నెమ్మదిగా తెచ్చుకోవచ్చు.

1. పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మానకండి

అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు ఇది. అనుమానం రాగానే గోధుమ మానేసి, రెండు నెలల తర్వాత పరీక్షకు వెళ్తారు. అప్పటికి రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు కొంత కోలుకుంటుంది, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. జబ్బు ఉందో లేదో తేలక ఏళ్ళు గడిచిపోతాయి.

చేయించాల్సినవి రెండు. ఒకటి టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష, దాంతోపాటే మొత్తం ఐజీఏ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ). ఐజీఏ పుట్టుకతోనే తక్కువ ఉన్నవాళ్ళలో జబ్బున్నా టీటీజీ నార్మల్‌గా కనబడుతుంది కాబట్టి రెండోది వదలకండి. తర్వాత గ్యాస్ట్రోఎంటరాలజిస్టు అవసరమంటే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు. ఇప్పటికే మానేసి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. సాధారణంగా కనీసం 6 వారాలు, రోజుకు ఒకటి కంటే ఎక్కువ పూటల్లో గోధుమ తిన్నాకే పరీక్ష చేస్తారు. ఆ తినడం కూడా డాక్టరు చెప్పినట్టే జరగాలి, సొంతంగా మొదలుపెట్టకండి.

"గోధుమ మానితే కడుపు తేలికగా ఉంది" అన్నంత మాత్రాన అది సీలియాక్ అయిపోదు. గోధుమలోని కొన్ని పిండి పదార్థాలు పడక ఉబ్బరం వచ్చేవాళ్ళు చాలామంది. వాళ్ళకు ఇంత కఠిన పథ్యం అక్కర్లేదు.

2. అరలన్నీ దించి మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప, పూర్తిగా మానాల్సినవి: గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ నూక, సేమ్యా, బ్రెడ్, బన్ను, రస్కులు, బిస్కెట్లు, నూడిల్స్, పాస్తా. బార్లీ గింజలు కూడా ఇందులోకే. ఒళ్ళు వేడి చేసిందనో, మూత్రంలో మంటనో ఇంట్లో బార్లీ నీళ్ళు కాచి ఇచ్చే అలవాటు మనకు బాగా ఉంది. సీలియాక్ ఉన్నవాళ్ళకు అవి పనికిరావు, సగ్గుబియ్యం జావో మజ్జిగో ఇవ్వండి. హార్లిక్స్ లాంటి మాల్ట్ (మొలకెత్తించిన ధాన్యం) పొడులు బార్లీ, గోధుమల నుంచి చేసేవే. కార్న్‌ఫ్లేక్స్ మొక్కజొన్నవే అయినా చాలా రకాల్లో రుచికి బార్లీ మాల్ట్ కలుపుతారు. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. బీరు బార్లీతోనే కాస్తారు.

రెండో కుప్ప, నిశ్చింతగా తినదగ్గవి: బియ్యం, అటుకులు, మరమరాలు, జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు, మొక్కజొన్న, సగ్గుబియ్యం, అన్ని పప్పులూ, పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, మాంసం, చేపలు, కూరగాయలు, పండ్లు, పల్లీలు, నువ్వులు, బెల్లం. "నిశ్చింతగా" అన్నది గింజకు మాత్రమే. పిండి అయితే నాలుగో మెట్టు చదివాకే.

మూడో కుప్ప అనుమానపు కుప్ప, అసలు పనంతా ఇక్కడే. సాంబారు పొడి, చారు పొడి, కొన్న పచ్చళ్ళు, పొడులు, శనగపిండి, ఓట్స్, రాగి మాల్ట్, కార్న్‌ఫ్లోర్, మిక్చర్, బజారు జంతికలు. రాగి మాల్ట్ పేరు చూసి భయపడక్కర్లేదు, మొలకెత్తిన రాగులే అయితే మంచిదే. ప్యాకెట్ మీద "మల్టీగ్రెయిన్" అని ఉంటే మాత్రం గోధుమో బార్లీయో కలిసి ఉండొచ్చు. ఓట్స్‌లో సహజంగా గోధుమ గ్లూటెన్ లేకపోయినా పొలంలో, మిల్లులో గోధుమ కలుస్తుంది. కొంతమందికి ఓట్స్‌లోని ప్రోటీన్ కూడా పడదు. టీటీజీ నార్మల్‌కు వచ్చేదాకా ముట్టుకోకండి. తర్వాత గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర ఉన్నవే, అదీ డాక్టరును అడిగి.

విడి సరుకు కొనేటప్పుడు ఒక సంగతి గమనించండి. కిరాణా కొట్లో ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ పక్కపక్క గోతాల్లో ఉంటాయి, రెంటికీ తూకం చేట ఒకటే. ఇడ్లీ రవ్వ ప్యాకెట్ కొనండి, లేదా బియ్యం కడిగి ఆరబెట్టి ఇంట్లో రవ్వ పట్టుకోండి.

3. ఇంగువ డబ్బా మార్చండి

బజారులో దొరికే ఇంగువ పొడి అసలు ఇంగువ కాదు. అసలు ఇంగువ చెట్టు వేరు నుంచి కారే బంక, దాని ఘాటుకు నేరుగా వాడలేం. అందుకే జిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా కంపెనీల్లో గోధుమ పిండే. ముద్ద ఇంగువలోనూ పిండి ఉంటుంది, ముద్ద కాబట్టి స్వచ్ఛం అనుకోవద్దు.

లెక్క వేసి చూడండి. నలుగురు తినే పప్పుచారులో పావు చెంచా ఇంగువ వేశారు, సుమారు 0.7 గ్రాములు. అందులో సగం గోధుమ పిండి అనుకుంటే 350 మిల్లీగ్రాములు, గ్లూటెన్ 35 మిల్లీగ్రాముల దాకా. తలకు 9 వస్తుంది. అదే పూట పులిహోరలోనో మజ్జిగ పులుసులోనో ఇంగువ పడితే పది దాటినట్టే. గోధుమ ముక్క నోట పెట్టని మనిషికి టీటీజీ దిగకపోవడానికి ఈ ఒక్క డబ్బా చాలు.

ఏం చేయాలి: డబ్బా వెనక పదార్థాల జాబితాలో "వీట్ ఫ్లోర్" అని ఉంటే పక్కన పెట్టండి. "రైస్ ఫ్లోర్" ఉండి, గ్లూటెన్ ఫ్రీ అని కూడా రాసినదే తీసుకోండి. ఒకే కంపెనీ రెండు రకాలూ అమ్ముతుంది కాబట్టి పేరు చూసి కాదు, ప్రతిసారీ జాబితా చూసి కొనాలి. దొరక్కపోతే ఇంగువ మానేసి పోపులో వెల్లుల్లి వేయండి, వెల్లుల్లి తినని ఇంట్లో మెంతులు, జీలకర్ర కాస్త ఎక్కువ వేసుకోండి. రుచి తేడా వస్తుంది, రాదని చెప్పడం అబద్ధం.

ఇంగువ మార్చగానే పాత పోపుల పెట్టె వాడకం ఆపండి. ఏళ్ళ తరబడి అదే చెంచా ఇంగువలోనూ ఆవాల్లోనూ మునిగి ఉంటుంది. పాత మాగాయ, పాత సాంబారు పొడి, పాత చింతకాయ పచ్చడి మిగతావాళ్ళకు వదిలేయండి.

అయోడిన్ చుక్క వేసి ఇంగువలో గోధుమ ఉందో లేదో చూడొచ్చని కొందరు చెబుతారు. చూడలేరు. అయోడిన్ పట్టిచ్చేది స్టార్చ్‌ను. బియ్యప్పిండికైనా గోధుమ పిండికైనా అదే నీలం వస్తుంది.

4. పిండి ఇంట్లోనే పట్టండి

పిండి మరకు మీ జొన్నలు పట్టుకెళ్ళేసరికి ముందు గిరాకీ గోధుమలు ఆడించుకుని వెళ్ళి ఉంటారు. రాళ్ళ మధ్య, గొట్టంలో, గుడ్డ సంచిలో మిగిలిన గోధుమ పిండి మీ జొన్న పిండిలోకి వస్తుంది. "ఉదయాన్నే ముందు మీదే ఆడిస్తా" అని మర ఆయన మంచి మనసుతో చెప్పినా, రాత్రి చివరగా ఆడింది గోధుమే అయితే ఫలితం ఒకటే. మొదటి రెండు కిలోలు పక్కన పెట్టేస్తే తగ్గుతుంది గానీ పోదు. కారం, పసుపు మరలు వేరుగా ఉంటాయి కాబట్టి వాటితో ఇంత గొడవ లేదు.

ఇంట్లో చేసే పద్ధతి:

గింజలు పళ్ళెంలో పలచగా పరిచి ఏరండి. జొన్నల్లో, కొర్రల్లో గోధుమ గింజలు దొరకడం మామూలే. నీళ్ళు మూడుసార్లు మార్చి కడగండి, పైన అంటిన దుమ్ము పిండి పోతుంది. బట్ట మీద ఫ్యాను గాలికి రాత్రంతా ఆరబెట్టి, మర్నాడు ఎండలో రెండు మూడు గంటలు పెట్టండి. పంటి కింద టక్కుమని విరగాలి. తడి ఉంటే మిక్సీలో ఉండ కడుతుంది, పిండికి పురుగు పడుతుంది. మిక్సీ జార్‌లో మూడో వంతుకు మించి నింపకుండా, అర నిమిషం తిప్పి అర నిమిషం ఆపుతూ పట్టండి. జార్ వేడెక్కితే పిండి జిగట పోతుంది. కొత్త జల్లెడతో జల్లించి, పైన మిగిలిన రవ్వను మళ్ళీ వేయండి. వారానికి సరిపడా మాత్రమే పట్టండి. రోజూ రొట్టెలు తినే కుటుంబమైతే చిన్న ఇంటి మర కొనడమే మేలు, దాంట్లో గోధుమ ఎప్పుడూ పోయకూడదు.

శనగపిండికీ ఇదే దారి. బజారు శనగపిండిలో కల్తీ తరచూ కనబడుతుంది, కల్తీ లేకపోయినా మర ఒకటే. పచ్చిశనగపప్పు మిక్సీలో మెత్తగా వస్తుంది, ఇబ్బంది లేదు.

5. గిన్నెలు: ఏవి విడిగా, ఏవి అక్కర్లేదు

అన్నీ రెండేసి కొనక్కర్లేదు. స్టీలు గిన్నె, గాజు గిన్నె, కుక్కరు సబ్బుతో తోమి బాగా కడిగితే చాలు. గ్లూటెన్ వేడికి చావదు, శానిటైజరుకు పోదు. తోమి కడిగితే మాత్రమే పోతుంది. తుడిస్తే పోదు.

విడిగా ఉండాల్సినవి కడిగినా శుభ్రం కానివి: జల్లెడ, చిల్లుల గరిటె, అప్పడాల కర్ర, పీట, చెక్క గరిటె, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, ఇనప పెనం, టోస్టరు. నూనె మూకుడు సంగతి చాలామంది మరిచిపోతారు. పూరీలు వేయించిన నూనెలోనే మర్నాడు అప్పడాలు వేయిస్తాం. పూరీ పిండి రేణువులు అడుగున ఉంటాయి. ఆ అప్పడం మినపపిండిదే అయినా సీలియాక్ ఉన్నవాళ్ళకు పనికిరాదు.

ఇంట్లో మిగతావాళ్ళకు చపాతీలు చేయక తప్పదంటే వరస మార్చండి. ముందు సీలియాక్ ఉన్నవాళ్ళ వంట చేసి, మూతపెట్టి, పక్క గదిలోకి చేర్చాక చపాతీ పిండి బయటికి తీయండి. పొడి పిండి గాల్లో లేచి పక్క పొయ్యి మీది కూరలో పడుతుంది. అయ్యాక గట్టు సబ్బునీళ్ళతో కడిగి, తుడిచిన బట్టను ఉతకండి. పెరుగు గిన్నెలో, పచ్చడి జాడీలో చపాతీ తుంచిన చెయ్యి పడకూడదు. నెయ్యి, వెన్న, జామ్ సీసాలు విడిగా పెట్టుకుంటే గొడవే ఉండదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకో రెండు: ఆడుకునే రంగు పిండి ముద్దల్లో (ప్లే-డో లాంటివి), కాగితాలు అతికించే మైదా జిగురులో గోధుమే ఉంటుంది. ఆడాక చేతులు సబ్బుతో కడిగించండి.

6. లేబుల్ ఎక్కడ చదవాలి

ముందు వైపు బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితా కింద "కంటెయిన్స్ వీట్" లాంటి అలర్జీ వాక్యం ఉంటుంది, ముందు అది చూడండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశపు ఆహార భద్రతా సంస్థ) నిబంధనల ప్రకారం గోధుమ, బార్లీ, రై, ఓట్స్ ఉంటే అక్కడ చెప్పాలి. తర్వాత జాబితాలో ఈ మాటలు వెతకండి: వీట్, ఆటా, మైదా, రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, సూజీ, సెమోలినా, దలియా, బార్లీ, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, రై. "గ్లూటెన్ ఫ్రీ" అని ఉంటే ఆ ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. "మే కంటెయిన్ వీట్" అని ఉంటే ముఖ్యంగా మొదటి ఏడాది కొనకండి.

మాల్టోడెక్స్‌ట్రిన్ వేరే, మాల్ట్ వేరే. మొదటిదానికి భయపడక్కర్లేదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక: అక్కడి అలర్జీ చట్టం గోధుమను పేరుపెట్టి చెప్పమంటుంది గానీ బార్లీని, రైని చెప్పమనదు. "వీట్" లేదు కదా అని ఆగిపోకుండా "మాల్ట్", "బార్లీ" కోసం జాబితా మొత్తం చదవండి. అక్కడి ఇండియన్ స్టోర్లో కొనే ఇంగువకూ మూడో మెట్టే వర్తిస్తుంది.

7. రోజూ ఏం వండాలి

మూడు పూటలా తెల్లన్నం తింటే గ్లూటెన్ లేకపోవచ్చు గానీ పీచు, ఇనుము, ఫోలేటు తగ్గి మలబద్ధకం, నీరసం పట్టుకుంటాయి. రోజుకు ఒక పూట చిరుధాన్యం పెట్టుకోండి. ఉదయం ఇడ్లీ, దోశ, పెసరట్టు, దిబ్బరొట్టె, అటుకుల ఉప్మా, సర్వపిండి, ఇవన్నీ మనవే, పుట్టుకతోనే గోధుమ లేనివి. పెసరట్టులో పెట్టే ఉప్మా మాత్రం బొంబాయి రవ్వది, దాని బదులు బియ్యం రవ్వ ఉప్మా పెట్టండి. కప్పు రవ్వకు రెండు కప్పుల నీళ్ళు, గుప్పెడు పెసరపప్పు. కొర్రల ఉప్మాకైతే అరగంట నానబెట్టి కప్పుకు రెండున్నర కప్పులు.

జొన్నరొట్టె రాక చాలామంది మధ్యలో వదిలేస్తారు. గ్లూటెన్ లేని పిండి సాగదు, దాన్ని సాగదీయబోతే విరుగుతుంది. ఇలా చేయండి: కప్పు నీళ్ళు చిటికెడు ఉప్పుతో తెర్లనిచ్చి, పొయ్యి ఆపి, కప్పు జొన్నపిండి ఒక్కసారిగా వేసి గరిటెతో కలిపి మూతపెట్టండి. పది నిమిషాలకు చెయ్యి పట్టే వేడిలో ఉండగానే అరచేతి మడమతో ఐదు నిమిషాలు మర్దించండి. నిమ్మకాయంత ముద్ద తీసి, బియ్యప్పిండి చల్లిన పీట మీద పెట్టి వేళ్ళతో తడుతూ తిప్పండి. పెనం బాగా కాలాక వేసి, పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దండి. నీటి తడి ఆరగానే తిరగేయాలి, ఆలస్యమైతే బీటలు పడతాయి.

అంచులు పగులుతున్నాయంటే నీళ్ళు చాలలేదు లేదా ముద్ద చల్లారింది. పిండి ఎంత మర్దించినా కలవకపోతే పిండి పాతది, పట్టి రెండు వారాలు దాటితే జొన్నపిండి జిగట పోతుంది. దాంతో రొట్టె రాదు, సంకటికి వాడుకోండి. కొత్తవాళ్ళు కప్పు పిండికి చెంచా ఇసబ్‌గోల్ పొట్టు కలిపితే పని తేలికవుతుంది.

మిగతా పోషకాల సంగతి: రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంది. రోజూ గ్లాసు రాగి జావ, చెంచా నువ్వుల పొడి, ఏదో ఒక ఆకుకూర పప్పు, ఒక గుడ్డు లేదా అదనంగా కప్పు పప్పు. కొత్తగా జబ్బు తేలినవాళ్ళకు మొదట్లో పాలు పడకపోవచ్చు, పేగు పొరతోపాటే పాలను అరిగించే ఎంజైమూ తగ్గుతుంది. కొన్ని వారాలు పెరుగు, మజ్జిగతో నెట్టుకొచ్చి తర్వాత పాలు కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.

పథ్యం కుదిరాక బరువు పెరగడం మామూలే, ఒంటపడుతోందన్నమాట. కానీ గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లు, కేకులు ఆరోగ్యకరం అనుకుని తింటే ఆ బరువు వేరే దారి పడుతుంది. వాటిలో ఉండేది ఎక్కువగా స్టార్చ్, చక్కెర, కొవ్వు. ధర సంగతి చెప్పనక్కర్లేదు.

8. హోటలు, పెళ్ళి, ప్రసాదం

హోటల్లో "గ్లూటెన్" అనకండి, ఎవరికీ అర్థం కాదు. "గోధుమ" అన్నా చాలదు. "గోధుమ వేయలేదండీ, మైదానే" అనే జవాబు వస్తుంది. ఇలా రాసి ఫోన్లో పెట్టుకుని చూపించండి:

"నాకు గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ పడవు. కొంచెం తగిలినా జబ్బు చేస్తుంది. ఈ వంటలో ఇవి ఉన్నాయా? ఇంగువ వేశారా? ఏ నూనెలో వేయించారు? దయచేసి కడిగిన పెనం మీద, కడిగిన గరిటెతో చేయండి."

హైదరాబాదులో ఆటా, సూజీ అనే మాటలు కూడా చేర్చండి.

ఇడ్లీ, కొబ్బరి చట్నీ కాస్త మేలు, పోపులో ఇంగువ వేశారేమో అడగండి. సాంబారు వదిలేయండి. దోశ పెనం మీదే రవ్వ దోశ పడుతుంది, కరకర కోసం దోశ పిండిలో మైదా కలిపే చోట్లూ ఉన్నాయి. మైసూరు బజ్జీ మైదాది. మిర్చి బజ్జీ శనగపిండిదే గానీ నూనె అదే మూకుడుది. బిర్యానీలో గోధుమ లేదనుకుంటాం, కానీ దమ్ము పెట్టేటప్పుడు హండీ మూత చుట్టూ పెట్టే పిండి ముద్ద గోధుమదో మైదాదో అయి ఉంటుంది. హలీంలో గోధుమ ముఖ్య దినుసు. ఉస్మానియా బిస్కెట్, డబల్ కా మీఠా గురించి చెప్పేదేముంది.

మిఠాయిల్లో కాజా, బాదుషా, జిలేబీ, గులాబ్ జామూన్, బొబ్బట్లు, కజ్జికాయలు మైదావి. పూతరేకులు, అరిసెలు, సున్నుండలు, నువ్వుండలు, పల్లీ పట్టీ గోధుమ లేనివి, ఇంట్లో చేసినవైతే ఇంకా మంచిది. పూర్ణం బూరెల పైపిండి బియ్యం, మినపప్పులదే ఉండాలి, వంటవాళ్ళు మైదా కలపడం ఉంది కాబట్టి అడగండి.

పెళ్ళిలో వడ్డన మొదలవకముందే వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళి తెల్లన్నం, ముద్దపప్పు, నెయ్యి, పెరుగు నేరుగా గిన్నెలోంచి పెట్టించుకోండి. బఫేలో గరిటెలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి తిరుగుతూనే ఉంటాయి. ఇంటి నుంచి పొడి డబ్బా తెచ్చుకుంటే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. ఏమీ అనుకోరు, అనుకున్నా అనుకోనివ్వండి.

అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది. ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి చేసేదీ రవ్వతోనే కాబట్టి బియ్యం రవ్వతో విడిగా ఒక గిన్నె చేయండి. చర్చిలో ప్రభురాత్రి భోజనపు రొట్టె గోధుమది, పాస్టరుతోనో ఫాదరుతోనో ముందే మాట్లాడుకోండి. అంగన్‌వాడీలో చిన్నపిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమ ఉంటుంది, టీచరుకు రాతపూర్వకంగా చెప్పండి.

9. మందులు

కొత్త మాత్ర ఏదైనా మందుల షాపులో "ఇందులో గోధుమ స్టార్చ్ ఉందా" అని అడగండి, చాలా మాత్రల్లో ఉండేది మొక్కజొన్న స్టార్చే. చూర్ణాలు, లేహ్యాల జాబితాలో "యవలు" అని ఉంటే అది బార్లీయే. ఇంగువ కలిసిన చూర్ణంలో ఏ ఇంగువ వాడారో తెలియదు. ఐరన్ మాత్ర కాఫీ, టీలతో వేసుకోకండి, నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. కాల్షియం మాత్రకూ దానికీ రెండు గంటల ఎడం, థైరాయిడ్ మాత్రకూ వీటికీ నాలుగు గంటలు. పేగు కోలుకునే కొద్దీ థైరాయిడ్ మాత్ర డోసు మారాల్సి రావచ్చు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించి చూపించండి.

10. సరిగ్గా జరుగుతోందా అని ఎలా తెలుస్తుంది

ఒంట్లో తేలిక కొన్ని వారాల్లోనే కనబడుతుంది, దాన్ని మాత్రం నమ్ముకోవద్దు. టీటీజీ-ఐజీఏ 6 నెలలకు, 12 నెలలకు, తర్వాత ఏడాదికోసారి చేయించండి. ఒకే ల్యాబులో చేయించాలి, కిట్టును బట్టి అంకెలు మారతాయి, వేరే ల్యాబు రిపోర్టుతో పోల్చలేరు. మొదట బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకు నార్మల్‌కు రావడానికి ఏడాది, రెండేళ్ళు పట్టొచ్చు. చూడాల్సింది అంకె దిగుతోందా అని. దీంతోపాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది), బి12, ఫోలేటు, విటమిన్ డి, టీఎస్‌హెచ్, లివర్ పరీక్షలు. పెద్దవాళ్ళకు ఎముకల సాంద్రత పరీక్ష డాక్టరు చెప్పినప్పుడు. పిల్లలకైతే మూడు నెలలకోసారి ఎత్తు, బరువు నోట్‌బుక్కులో రాయండి.

టీటీజీ నార్మల్ అయినంత మాత్రాన అప్పుడప్పుడు తినొచ్చని కాదు. అది నార్మల్ అయింది తినకపోవడం వల్లే.

దిగకపోతే

రెండు వారాలు నోట్‌బుక్కులో అన్నీ రాయండి: ఏం తిన్నారు, ఎవరు వండారు, ఏ డబ్బాలోంచి, ఏ నూనెలో. ఆ రెండు వారాలూ బయట తిండి, ప్యాకెట్లు, బయట పట్టించిన పిండి, ఇంగువ ఏవీ లేకుండా ఇంట్లో బియ్యం, పప్పు, కూరగాయలు, గుడ్లు, పెరుగుతో గడపండి. ఒంట్లో తేడా తెలిస్తే దారి దొరికినట్టే, ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చండి. తేడా లేకపోతే ఆ నోట్‌బుక్కు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పాలు పడకపోవడం, చిన్నపేగులో బ్యాక్టీరియా పెరగడం లాంటి వేరే కారణాలు వాళ్ళు చూస్తారు. బరువు తగ్గుతూనే ఉన్నా, మలంలో రక్తం కనబడినా, వాంతులు ఆగకపోయినా రెండు వారాలు ఆగకండి, వెంటనే వెళ్ళండి.

పొరపాటున తిన్నారనుకోండి. కక్కించే ప్రయత్నాలు చేయొద్దు, ఎంజైమ్ మాత్రలతో ఒరిగేదేమీ లేదు. విరేచనాలైతే ఓఆర్ఎస్, మెత్తటి పెరుగన్నం, విశ్రాంతి. ఒక్కసారికి మళ్ళీ మొదటికి రాదు. ఏమీ కాకపోతే "నాకు పడుతోంది" అనుకోవడం అంతకంటే ప్రమాదం, బయటికి తెలియకుండానే లోపల పేగు పాడవుతుంది.

ఇక మీ అమ్మానాన్నలకు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా టీటీజీ-ఐజీఏ, మొత్తం ఐజీఏ చేయించండి. రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఉండే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువ, లక్షణాలు లేకపోయినా సరే. పరీక్ష అయ్యేదాకా వాళ్ళు మామూలుగా గోధుమ తింటూనే ఉండాలి.